దివిసీమ ఒడ్డున ఒక పాఠం

ప్రతి ఏటా తొమ్మిదో తరగతి పిల్లలకు నల్లబల్ల మీద ఒక గీత గీసి చూపిస్తాము. ఒడ్డు నుండి కొంతదూరం మెల్లగా వాలిన గీత ఖండతీరపు అంచు. ఆ తరువాత ఒక్కసారిగా దిగేది ఖండతీరపు వాలు. ఆపైన అగాధ సముద్ర మైదానం. పిల్లలు బుద్ధిగా వ్రాసుకుంటారు, పరీక్షలో అప్పగిస్తారు, మరచిపోతారు. ఈసారి మాత్రం ఒక అమ్మాయి లేచి, “కంటికి కనబడని నేల సంగతి మనకెందుకు టీచర్‌గారూ?” అని అడిగింది. మా ఇద్దరు ఉపాధ్యాయులకూ సరైన జవాబు తోచలేదు. సంక్రాంతి సెలవులయ్యాక పిల్లలను వెంటబెట్టుకుని హంసలదీవికి బయలుదేరాము.

అవనిగడ్డ దాటి కోడూరు దారి పట్టాము. కోతలైన పొలాల్లో మినుము పచ్చగా ఉంది. ముందుకు పోయేకొద్దీ వరిపొలాలు తగ్గి రొయ్యల చెరువులు, ఉప్పునేలలు, మడచెట్లు కనిపించాయి. పాలకాయతిప్ప దాటగానే సముద్రపు హోరు వినిపించింది. కృష్ణమ్మ పాయ ఒకటి అక్కడే సముద్రంలో కలుస్తుంది. ఆ నీటి రంగు చూపి, “ఇది మహాబలేశ్వరం కొండల నుండి మోసుకొచ్చిన ఒండ్రు. మనం నిలబడ్డ దివిసీమ అంతా ఇలా పేరుకున్నదే. ఒకనాడు ఇదీ సముద్రపు అడుగే” అని చెప్పాము. పిల్లలు తమ కాళ్ళ కింది మట్టిని వంగి చూసుకున్నారు.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మా మాటలు విని నవ్వాడు. “అడుగు నేల మాకు తెలుసునండి. తాడుకి సీసం గుండు కట్టి వదిలితే ఎన్ని బారలుందో తెలుస్తాది. గుండుకంటిన మట్టిని బట్టి ఎక్కడున్నామో చెప్పొచ్చు” అన్నాడు. 1872లో బయలుదేరిన ఛాలెంజర్ అనే ఓడ మూడేండ్లకు పైగా ప్రపంచ సముద్రాలు తిరిగి లోతులు కొలిచింది కూడా ఈ విధంగా తాడూ బరువులతోనేనని పిల్లలకు చెప్పాము. ఇప్పుడైతే ఓడ నుండి ధ్వనిని పంపి, అది అడుగును తాకి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని బట్టి లోతు లెక్కకడతారు.

“ఇక్కడ లోతెంత తాతా?” అని ఒక అబ్బాయి అడిగాడు.

“ఒడ్డు కనుమరుగయ్యేదాకా పోయినా కొద్ది బారలే బాబూ. అదే మా కొంప ముంచింది” అన్నాడాయన. 1977 నవంబరు 19, శనివారం. అప్పటికి ఆయన పడుచువాడు. తాటిచెట్టును పట్టుకుని బ్రతికాడు. ఇంట్లో మిగిలినవారెవరూ దక్కలేదు. అంతకు మించి ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆ ఉప్పెన సుమారు 5 మీటర్ల ఎత్తున ఊళ్ళ మీద పడింది. దాదాపు 10,000 మంది చనిపోయారు. ఎందుకంత ఎత్తు లేచింది? తుఫానుగాలి నీటిని ఒడ్డు వైపు నెడుతుంది. లోతున్న చోట ఆ నీరు అడుగు నుండి వెనక్కి మళ్ళిపోతుంది. అడుగు మెరకగా ఉన్నచోట మళ్ళడానికి దారిలేక పైకి లేస్తుంది, నేల మీదికి వస్తుంది. నల్లబల్ల మీద మేము గీసే ఆ వాలు గీతకు అర్థం ఇదే. ఇన్నేండ్లు ఈ మాట చెప్పకుండానే పాఠం ముగించినందుకు మాకు సిగ్గువేసింది.

అడుగు కదిలినా ముప్పే. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర భూకంపంతో సముద్రపు అడుగు కొన్ని మీటర్లు పైకి లేచింది. మూడు గంటలు తిరగకముందే సునామీ అలలు మన తీరాన్ని తాకాయి. మన రాష్ట్రంలో వందమందికి పైగా మరణించారు. ఆ తరువాత 2007లో హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. సముద్రపు అడుగున ఉంచిన పరికరాలు పైనున్న నీటి బరువులో తేడాను కనిపెట్టి ఆ కేంద్రానికి కబురు పంపుతాయి.

హెచ్చరిక విన్నవారికి మేలు జరిగిన సంగతీ పిల్లలకు చెప్పాము. 1990 మే నెలలో మరో పెద్ద తుఫాను ఈ కృష్ణా తీరాన్నే తాకింది. ముందుగానే లక్షమందికి పైగా జనాన్ని తరలించారు గనుక మృతుల సంఖ్య వెయ్యి దాటలేదు. ఒక్క ప్రాణమైనా తక్కువ కాదు. కాని 1977తో పోల్చి చూస్తే, ముందుగా తెలియడం, తెలిసినదాన్ని నమ్మి కదలడం ఎంత అవసరమో బోధపడుతుంది.

పొద్దు వాలుతుండగా పెద్దాయన వద్ద సెలవు తీసుకున్నాము. “చదువుకున్న పిల్లలు చెబితే పెద్దోళ్ళు ఇంటారండి. మా నాన్నకి చెప్పేవాళ్ళు లేకపోయారు” అన్నాడు. తిరుగు ప్రయాణంలో బస్సులో పిల్లలు అల్లరి చేయలేదు. ప్రశ్న అడిగిన అమ్మాయి తన నోటుపుస్తకంలోని పాత పటం తీసి, ఖండతీరపు అంచు పక్కన ఒక చిన్న ఇల్లు, దాని ముందు ఒక తాటిచెట్టు గీసింది.

తీరప్రాంతపు తల్లిదండ్రులారా, మీ పిల్లలు భూగోళ పుస్తకం తెరిచినప్పుడు పక్కన కూర్చుని ఆ పటం చూపించమనండి. మన ఊరు అందులో ఎక్కడుందో వారినే అడగండి. రేడియోలో తుఫాను హెచ్చరిక వినిపించిన రోజున, లేచి బయలుదేరుదామని మొదట చెప్పేది ఆ బిడ్డే కావచ్చు.