సంతకానికి ముందు

"మీ ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా?"

డాక్టరు గారు రాసుకుంటూనే అడిగారు. ఆమె నోరు విప్పేలోపే పక్క కుర్చీలోని భర్త జవాబిచ్చాడు. "అబ్బే, అలాంటివేం లేవు మేడమ్. వాళ్లమ్మగారు కామెర్లతో పోయారు."

ఆమె ఏమీ అనలేదు. చేతిలోని రుమాలు మాత్రం మరో మడత పడింది.

తెనాలిలో రాత్రి రైలెక్కి తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దిగారిద్దరూ. ఇంట్లో 'చుట్టాల పెళ్లి' అని చెప్పి వచ్చారు. ఆమెకు 37 ఏళ్లు. ఓ ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. ఈడొచ్చిన నాటి నుంచీ ఎడమ రొమ్ము కుడిదానిలా ఎదగలేదు. ఆ సంగతి మొదట తెలిసింది అమ్మకి. తర్వాత జాకెట్లు కుట్టే పిన్నిగారికి. ఆవిడ ఎవరూ అడక్కుండానే ఎడమవైపు లోపల రెండు పొరల గుడ్డ ఎక్కువ వేసి కుట్టేది. పెళ్లయ్యాక భర్తకి తెలిసింది. ఆయన ఏనాడూ ఓ మాట అనలేదు. అయినా ఫొటో అంటే పైట సర్దుకోవడం, పెళ్లిళ్లలో వెనక వరసలో నిలబడటం ఆమెకి అలవాటైపోయింది. ఇద్దరు పిల్లలు పుట్టి పెద్దవాళ్లవుతున్నా ఆ బెరుకు పోలేదు. చివరికి రెండేళ్లు కట్టిన చీటీ పాడుకుని, ఆ డబ్బుతో ఆపరేషన్‌కి సిద్ధపడింది.

ఆపరేషన్‌కి ముందు ఒకసారి రమ్మన్నారంటే తేదీ, ఫీజు చెప్పి పంపిస్తారనుకుంది. పొద్దున తొమ్మిదింటికి వెళితే మధ్యాహ్నమైనా పని తెమల్లేదు.

ముందు బరువు, ఎత్తు, బీపీ చూశారు. రక్తం తీశారు. ఈసీజీ అయింది. గర్భం లేదని తేల్చుకునే పరీక్షా చేశారు. తర్వాత మత్తు డాక్టరు నోరు బాగా తెరవమని చూశాడు. ఊగే పళ్లున్నాయా, ఆయాసం వస్తుందా, రాత్రి గురక పెడతారా, ఇదివరకు మత్తిచ్చినప్పుడు ఏమైనా ఇబ్బంది అయిందా అని వరసగా అడిగాడు. ఆపరేషన్‌కి ఆరు గంటల ముందు నుంచి అన్నం, టిఫిను, పాలు ఏవీ వద్దన్నాడు. మంచినీళ్లయినా రెండు గంటల ముందే ఆపాలట. గోళ్ల రంగు తీసేసి, నగలు ఇంట్లో పెట్టి రావాలట.

"రోజూ ఏమేం మందులు వేసుకుంటారు?" అంటే "ఏమీ లేవు" అందామె. ఆయన వదల్లేదు. తలనొప్పికి ఆస్పిరిన్ వేసుకుంటారా? చేపనూనె గొట్టాలు, వెల్లుల్లి మాత్రలు, విటమిన్-ఇ, ఆయుర్వేదం, నాటు మందులు? ఇవీ మందుల లెక్కలోకే వస్తాయి. వాటిలో కొన్ని రక్తం గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తాయి. ఏది ఎన్నాళ్ల ముందు ఆపాలో డాక్టరు చెప్పాలి తప్ప ఎవరంతట వాళ్లు ఆపకూడదు. సిగరెట్లు తాగేవాళ్లయితే కనీసం నాలుగు వారాల ముందు మానాలి. పొగ అలవాటుంటే కోసిన చోట మానడం కష్టం.

ఆ తర్వాతే ప్లాస్టిక్ సర్జన్ గది. అక్కడ వచ్చిందే ఆ మొదటి ప్రశ్న.

ప్రశ్నలయ్యాక డాక్టరు గారు పెన్ను పక్కన పెట్టి "మీరు కాసేపు బయట కూర్చోండి. పరీక్ష చెయ్యాలి" అన్నారు భర్తతో. తలుపు మూసుకుంది. గదిలో నర్సు ఉంది. టేపు పెట్టి మెడ కింది గుంట నుంచి కొలతలు తీశారు. ఛాతీ వెడల్పు చూశారు. ముఖం రాకుండా ఫొటోలు తీసుకోవచ్చా అని ముందుగా అడిగారు. "రెండూ అచ్చుగుద్దినట్టు ఎవరికీ ఉండవమ్మా. ఆపరేషన్ తర్వాత తేడా తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం మాటివ్వలేను" అన్నారు.

ఇంప్లాంట్లు బల్ల మీద పెట్టి చూపించారు. పైన సిలికాన్ తొడుగు, లోపల సిలికాన్ జెల్ ఉన్నవి ఒక రకం. ఉప్పునీళ్లు నింపేవి ఇంకో రకం. సైజును సీసీల్లో చెబుతారు. కండరం పైన పెట్టాలా, కింద పెట్టాలా అన్నది శరీరాన్ని బట్టి నిర్ణయిస్తారు. ఏవి పెట్టినా జీవితకాలం ఉండేవి కావు. చిరగొచ్చు. చుట్టూ మచ్చ కణజాలం బిగిసి గట్టిపడొచ్చు. అప్పుడు మళ్లీ ఆపరేషన్ తప్పకపోవచ్చు. జెల్ లోపల చిరిగితే పైకి తెలియకపోవచ్చు. అందుకే అయిదారేళ్లకు ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి స్కానింగ్ చేయించుకోవాలని అమెరికా ఎఫ్‌డీఏ చెబుతోంది. చీటీ డబ్బు లెక్క వేసుకున్నప్పుడు ఆమె ఈ ఖర్చు కలపలేదు.

డాక్టరు గారు అన్నీ చెప్పి "ఇంకేమైనా అడగాలా? చెప్పాలా?" అన్నారు.

ఆమె తలుపు వైపు చూసింది. "మా అమ్మ కామెర్లతో పోలేదండీ" అంది మెల్లగా.

అమ్మకి 41వ ఏట గడ్డ కనిపించింది. సిగ్గుపడి ఏడాది ఎవరికీ చెప్పలేదు. 43 ఏళ్లకి పోయింది. అప్పుడీమె ఇంటర్ రెండో ఏడాది. సంబంధాలు చూసే రోజుల్లో పెద్దమ్మ ఒట్టు వేయించుకుంది. "తల్లికి ఆ జబ్బని తెలిస్తే నిన్నెవరు చేసుకుంటారే? కామెర్లని చెబుదాం" అంది. ఆ మాటే పెళ్లితో పాటు అత్తారింటికి వచ్చి, 14 ఏళ్లుగా అక్కడే ఉండిపోయింది.

డాక్టరు గారు కోప్పడలేదు. అప్పటిదాకా రాసిన కాగితంలో ఒక గీత కొట్టి కొత్తగా రాశారు. తల్లికి చిన్న వయసులో ఈ జబ్బు వస్తే, ఆ వయసుకు పదేళ్ల ముందు నుంచే కూతురు పరీక్షలు మొదలుపెట్టాలని సాధారణంగా చెబుతారు. ఆ లెక్కన ఆరేళ్ల క్రితమే మొదలుపెట్టాల్సింది. ఇంప్లాంట్ వల్ల మామూలు రొమ్ము క్యాన్సర్ వస్తుందని కాదు. కానీ మమోగ్రామ్‌లో అది కొంత భాగాన్ని కప్పేస్తుంది. దాన్ని వెనక్కి నెట్టి అదనంగా ఫిల్ములు తియ్యాలి. కాబట్టి ఏదైనా ఉందో లేదో ముందే తేల్చుకోవాలి. "ఆపరేషన్ తేదీ ఇప్పుడు ఇవ్వను. ముందు మమోగ్రామ్, అల్ట్రాసౌండ్. అవసరమైతే జన్యు పరీక్ష సంగతీ మాట్లాడదాం" అన్నారు.

సమ్మతి పత్రం చేతికిచ్చి, ఇంటికి తీసుకెళ్లి నిదానంగా చదువుకోమన్నారు. "మా ఆయన సంతకం కూడా కావాలా?" అని ఆమె అడిగితే, "మీ ఒంటికి మీ సంతకమేనమ్మా" అన్నారు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే తేల్చి చెప్పింది. మత్తులో ఉన్న ఒక మహిళకు తల్లి అనుమతి మీద గర్భసంచి తీసేసిన కేసు అది. తెలివి వచ్చాక అడగడానికి వీలున్నప్పుడు, ప్రాణం మీదికి రానప్పుడు, పెద్దవయసు మనిషి తరఫున తల్లి అయినా ఒప్పుకోవడం చెల్లదంది.

సమ్మతికి ఇంత పట్టింపు ఎందుకో ఈ ఇంప్లాంట్ల చరిత్రే చెబుతుంది. 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో మొదటిసారి సిలికాన్ జెల్ ఇంప్లాంట్ పెట్టింది, పచ్చబొట్టు తీయించుకోవడానికి ఆసుపత్రికి వచ్చిన ఒకావిడకి. 1992లో అమెరికా వాటి వాడకాన్ని చాలావరకు ఆపేసింది. 2006లో మళ్లీ అనుమతించింది. ఫ్రాన్స్‌లో ఒక కంపెనీ పరిశ్రమల్లో వాడే సిలికాన్ నింపి అమ్మిందని 2010లో బయటపడింది. అరుదైన ఒక లింఫోమాతో సంబంధం ఉందని తేలి, గరుకు పైపొర ఉన్న ఒక రకాన్ని 2019లో వెనక్కి తీసుకున్నారు. 2021లో ఎఫ్‌డీఏ ఇంప్లాంట్ల మీద తీవ్రమైన హెచ్చరిక ఉండాలని, సంతకానికి ముందు లాభనష్టాల జాబితాను డాక్టరు రోగితో కలిసి చదవాలని ఆదేశించింది.

బయటికొచ్చాక ఇద్దరూ క్యాంటీన్ పక్క బల్ల మీద కూర్చున్నారు. ఆయన రెండు టీలు తెచ్చాడు. "తేదీ ఇచ్చారా?"

"లేదండీ." ఒక గుక్క తాగి, పెద్దమ్మ వేయించుకున్న ఒట్టు దగ్గర్నుంచి మొత్తం చెప్పింది.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. టీ చల్లారిపోయింది. "నాతో కూడానా?" అన్నాడు చివరికి. ఆమె దగ్గర జవాబు లేదు. ఇంకొంచెంసేపటికి ఆయనే అడిగాడు. "మరి పాపకి?"

పాపకి పన్నెండేళ్లు. "దానికి ఇంకా చాలా టైముందన్నారు. కానీ అమ్మమ్మ దేంతో పోయిందో దానికి తెలిసుండాలన్నారు."

ఆయన లేచి కప్పులు రెండూ చెత్తబుట్టలో పడేశాడు. "ఆ మమోగ్రామ్ ఎక్కడ తీస్తారో కనుక్కొస్తాను. నువ్విక్కడే కూర్చో" అన్నాడు. గొంతులో కినుక ఇంకా పోలేదు.

ఆమె సంచీలోంచి సమ్మతి పత్రం తీసి మొదటి పేజీ చదవడం మొదలుపెట్టింది. సంతకం చోటు ఖాళీగానే ఉంది. ఆపరేషన్ చేయించుకుంటుందో లేదో ఆమె ఇంకా తేల్చుకోలేదు. ఇరవై ఏళ్లుగా ఎవరికీ చెప్పని మాట మాత్రం ఆ పొద్దుటితో రహస్యం కాకుండా పోయింది.