దారం తగలనప్పుడు

ఆ ఏరియా ఆసుపత్రి ఓపీలో అడుగుపెట్టేసరికి బెంచీ మీద 8 నెలల పిల్లాణ్ణి ఒళ్లో వేసుకుని ఒకమ్మాయి కూర్చుని ఉంది. కాన్పయిన 6 వారాలకి వాళ్ల ఊరి దగ్గరే కాపర్‌-టీ వేయించుకుంది. ఇప్పుడు దారం తగలడం లేదు.

"పడిపోయి ఉంటుందిలే అన్నారండీ."

"పడిపోవడం నువ్వు చూశావామ్మా?" అన్నారు డాక్టరుగారు.

"లేదు మేడం."

"అయితే లోపలుందనే అనుకుందాం."

ముందు మూత్ర పరీక్ష. గర్భం లేదని తేలాకే మిగతా పని. సన్నటి బ్రష్షు గర్భాశయ ముఖద్వారంలో పెట్టి మెల్లగా తిప్పారు. చాలామందికి అక్కడే దారం చుట్టుకుని ఉంటుందట. ఈ అమ్మాయికి రాలేదు. స్కానింగులో గర్భసంచి ఖాళీ.

చాలాచోట్ల ఇక్కడితో ఆగిపోతారనీ, పడిపోయిందని రాసేసి ఇంకోటి వేస్తారనీ డాక్టరుగారు బాధపడ్డారు. పేగుల మధ్య దాక్కున్నది స్కానింగుకి చిక్కకపోవచ్చు. ఎక్స్‌రేకి చిక్కుతుంది. ఆ ప్లాస్టిక్కులో బేరియం సల్ఫేటు కలిపేది అందుకే. ఫిల్ము మాత్రం పొట్ట మొత్తానికీ తీయాలి. అందులోనూ లేకపోతేనే పడిపోయినట్టు.

ఫిల్ముని లైటు పెట్టెకి తగిలించారు. కుడివైపు, తుంటి ఎముకకి పైన, పక్కకి ఒరిగిన తెల్లటి టీ. నిలువు 36, అడ్డం 32 మిల్లీమీటర్లు. అంత చిన్న వస్తువు గోడ దాటి అంత దూరం వెళ్లిందంటే నాకు ఒళ్లు జలదరించింది.

గర్భసంచి కొందరికి ముందుకీ కొందరికి వెనక్కీ వంగి ఉంటుంది. ఆ వంపు చేత్తో చూసుకోకుండా, లోతు కొలవకుండా నెడితే గోడకి గుచ్చుకుంటుంది. పాలిచ్చే తల్లుల్లో ఈ ప్రమాదం ఎక్కువ. అయినా ఇలా జరిగేది వెయ్యిమందిలో ఒకరిద్దరికే. కాపర్‌-టీ మంచి సాధనం, 380ఎ రకం 10 ఏళ్లు పనిచేస్తుంది. దాన్ని చూసి ఎవరూ భయపడకూడదనే ఈ మాట చెబుతున్నాను.

"నొప్పే లేదు కదండీ, తీయించాలా?"

"రాగి ఊరుకోదమ్మా, పేగులకి అతుక్కుంటుంది. పైగా గర్భసంచిలో లేని కాపర్‌-టీ గర్భం ఆపదు. ఇప్పుడు నీకు ఏ రక్షణా లేనట్టే."

లాప్రోస్కోపీకి పెద్దాసుపత్రికి చీటీ రాశారు. సిస్టరు నిరోధ్ పొట్లం చేతికిచ్చింది. ఆ అమ్మాయి ఫిల్ము మడతపడకుండా పిల్లాడి తువ్వాల్లో చుట్టి, బస్సు టైము అడిగింది.