కంప్యూటరు యుగంలో భద్రప్రతులు

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదన్న సామెత అందరూ ఎరిగినదే. కంప్యూటరులో దాచుకొన్న విషయాలకు అది మరింతగా వర్తిస్తుంది. కాగితం మాసిపోతూ, అంచులు చిరుగుతూ తన క్షీణతను ముందుగానే తెలియజేస్తుంది. హార్డ్ డిస్క్ స్వభావం అది కాదు. నిన్న సాయంత్రం వరకు చక్కగా పనిచేసి, ఈ ఉదయం ఏ సూచనా లేకుండా మూగబోవచ్చు. అందువలన ప్రతికి ప్రతి తీసి ఉంచడం నేడు విద్యావంతులందరికీ అవసరమైన పని.

ఈ విషయంలో మేము పుస్తకాలలో చదివినది తక్కువ, పని చేస్తూ గ్రహించినది ఎక్కువ. ఉర్దూ, తెలుగు విభాగాల వారము కలసి మన కళాశాల పాత వార్షిక సంచికలను కంప్యూటరులోకి ఎక్కించే పని చేపట్టినాము. నాటి ఉర్దూ పుటలు కాతిబు చేతివ్రాత నుండి రాతి అచ్చుపై వెలువడినవి. తెలుగు పుటలు సీసపు అక్షరాలు పేర్చి అచ్చొత్తినవి. అచ్చు ముగియగానే ఆ అక్షరాలను విడదీసి వేరే పనికి వాడుకొనేవారు. కనుక మిగిలేది అచ్చయిన పుస్తకమే. కొన్ని సంవత్సరాల సంచికలకు ఇప్పుడు ఒక్కొక్క ప్రతి మాత్రమే ఉన్నది.

ఒకనాడు ఒక పెద్దావిడ వచ్చి, "మా అబ్బా చదువుకొనే రోజుల్లో వ్రాసిన నజ్మ్ ఇందులో అచ్చయిందండీ, ఒక్కసారి చూపిస్తారా?" అని అడిగినారు. సంచిక తీసి చూడగా ఆ పుటలో పై సగం చెదల పాలై ఉన్నది. మిగిలిన నాలుగు పంక్తులనే ఆమె ఒక కాగితంపై వ్రాసుకొని వెళ్లినారు. కంప్యూటరులో చేర్చిన పుటలకు ఇటువంటి గతి పట్టకూడదని మేమందరమూ ఆనాడే అనుకొన్నాము.

బ్యాకప్ తీయడంలో ముఖ్యంగా మూడు పద్ధతులున్నవి. మా పని లెక్కలతోనే వాటిని వివరించడం సులభం. శనివారం సాయంత్రానికి మా వద్ద 40 గిగాబైట్ల పుటలున్నవనీ, సోమవారం నుండి శుక్రవారం వరకు రోజుకు 2 గిగాబైట్లు కొత్తగా చేరుతున్నవనీ అనుకొందాము.

మొదటిది ఫుల్ బ్యాకప్, అనగా సంపూర్ణ ప్రతి. ఉన్నదంతా ప్రతిరోజూ మొదటి నుండి నకలు తీయడం. అయిదు రోజులకు 42, 44, 46, 48, 50 చొప్పున మొత్తం 230 గిగాబైట్ల చోటు కావలెను. ఖర్చూ కాలమూ ఎక్కువే. అయితే శనివారం ఉదయం డిస్క్ చెడిపోయిన యెడల శుక్రవారం నాటి ఒక్క ప్రతి తెచ్చుకొంటే చాలును.

రెండవది ఇంక్రిమెంటల్ బ్యాకప్. దీనిలో క్రితం బ్యాకప్ తరువాత మారినది మాత్రమే తీస్తారు. రోజుకు 2 చొప్పున అయిదు రోజులకు 10 గిగాబైట్లతో సరిపోతుంది. కాని తిరిగి నిలబెట్టవలసి వచ్చినప్పుడు శనివారం నాటి సంపూర్ణ ప్రతితో మొదలుపెట్టి, సోమ, మంగళ, బుధ, గురు, శుక్రవారాల ప్రతులను వరుస తప్పకుండా పేర్చవలెను. మొత్తం ఆరు ప్రతులు. ఇది గొలుసు వంటిది. బుధవారపు కడియం తెగిన యెడల మంగళవారం వరకే నమ్మకం.

మూడవది డిఫరెన్షియల్ బ్యాకప్. ఇది క్రితం రోజును కాక, క్రితం సంపూర్ణ ప్రతిని ఆధారంగా తీసుకొని, నాటి నుండి మారినదంతా ప్రతిరోజూ తీస్తుంది. సోమవారం 2, మంగళవారం 4, అట్లా శుక్రవారానికి 10, వెరసి 30 గిగాబైట్లు. ఆపదలో కావలసినవి రెండే ప్రతులు: శనివారానిదీ, శుక్రవారానిదీ. మధ్యలో బుధవారపు ప్రతి చెడినా నష్టం లేదు.

ఈ మూడింటిలో ఏది ఉత్తమమని విద్యార్థులు అడుగుతూ ఉంటారు. నకలు తీసేటప్పుడు ఆదా చేసిన శ్రమను తిరిగి తెచ్చుకొనేటప్పుడు చెల్లించవలసి వస్తుందన్నదే మా సమాధానం. రోజూ కొద్దిగా చేరే మా పనికి వారానికొక సంపూర్ణ ప్రతి, నడుమ డిఫరెన్షియల్ ప్రతులు అనుకూలించినవి. క్షణక్షణమూ మారే పెద్ద కార్యాలయానికి ఇంక్రిమెంటల్ పద్ధతి తప్పనిసరి కావచ్చును.

ఒక డిస్క్‌లోని మార్పులన్నీ వెంటనే మరొక డిస్క్‌లోనూ జరిగే అద్దపు ప్రతిని, అనగా మిర్రర్‌ను, కొందరు బ్యాకప్ అని భ్రమపడతారు. అద్దం మన ముఖంపై మచ్చను కూడా చూపుతుంది గదా! ఇక్కడ చెరిపినది అక్కడా చెరిగిపోతుంది. డిస్క్ చెడిపోతే అది ఆదుకొంటుంది గాని, చేతి పొరపాటు నుండి కాపాడదు. 2017 మే నెలలో ప్రపంచాన్ని వణికించిన వాన్నాక్రై వంటి దాడులలో, కంప్యూటరుకు తగిలించి ఉన్న నకళ్లకు కూడా ముప్పు ఉంటుంది. కనుక ఒక ప్రతిని తీసిన వెంటనే విడదీసి ఉంచడం మంచిది.

ప్రతి ఎక్కడ ఉన్నదన్నది కూడా అంతే ముఖ్యం. అమెరికా ఫొటోగ్రాఫరు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ప్రకారం, అసలుతో కలిపి మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలపై, వాటిలో ఒకటి వేరొక చోట ఉండవలెను. ఒకే భవనంలో రెండు గదులు రెండు చోట్లు కావు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాదును ముంచెత్తినప్పుడు ఈ గది, ఆ గది అన్న విచక్షణ చూపలేదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజన్‌లో ప్రభుత్వ సమాచార కేంద్రం అగ్నికి ఆహుతైనప్పుడు, ఉద్యోగులు తమ పత్రాలు దాచుకొనే జీ-డ్రైవ్ నశించింది. అందులోని సమాచారం 858 టెరాబైట్లు. దానికి వేరొక చోట ప్రతి లేదు.

అన్నీ అమర్చిన తరువాత కూడా ఒక ప్రశ్న మిగులుతుంది: ఆ ప్రతి నుండి అసలు తిరిగి వస్తుందా? గిట్‌ల్యాబ్ సంస్థలో 2017 జనవరి 31న ఒక ఇంజనీరు చేతి పొరపాటున ప్రధాన సమాచారం చెరిగిపోయింది. అయిదు విధాల ఏర్పాట్లు ఉన్నా ఒక్కటియు నమ్మదగినట్లు పనిచేయలేదని ఆ సంస్థయే ప్రకటించింది. సుమారు ఆరు గంటల ముందు వేరొక పనికై తీసిన నకలు ఉండబట్టి అంతవరకైనా దక్కింది.

ఇది తెలిసి మేము మా ప్రతిని, ఈ పనితో సంబంధం లేని మరొక కంప్యూటరులో నిలబెట్టి చూచినాము. పుటల ఛాయాచిత్రాలు యథాతథంగా వచ్చినవి. కాని యూనికోడ్ రాక పూర్వపు ఫాంట్లతో టైపు చేయించిన పాత వ్యాసాలను తెరచి చూడగా, ఉర్దూ, తెలుగు రెండూ అర్థంలేని గుర్తులుగా కనిపించినవి. అక్షరరూపాలు ఆ కంప్యూటరులో లేకపోవడమే కారణం. ఒక్క బైటు కూడా పోలేదు. అయినా చదవగలిగినది ఏమీ లేదు! నాటి నుండి ఫాంట్లనూ బ్యాకప్‌లో చేర్చి, వ్యాసాలను క్రమంగా యూనికోడ్‌లోకి మార్చుతున్నాము. ఆ పరీక్ష చేయకుండా ఉంటే ఈ లోపం ఆపద వచ్చిన రోజున బయటపడి ఉండేది.

ఈ జాగ్రత్త మన రెండు భాషల వారికీ కొత్తది కాదు. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి, ఒకే కావ్యానికి పలు వ్రాతప్రతులు సేకరించి, పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించినాడు. 1888లో హైదరాబాదులో ఏర్పడిన దాయిరతుల్ మఆరిఫ్ వివిధ గ్రంథాలయాలలోని ప్రతులను సరిచూచి అరబ్బీ గ్రంథాలను ప్రకటించింది. పలుచోట్ల ప్రతులు నిలిచి ఉండబట్టే ఆ కృషి సాధ్యమైనది. ప్రతి ఉండడంతో తృప్తిపడక, విప్పి చదివి చూచిన వారు కూడా వారే.

విద్యార్థి మిత్రులకు మా మనవి ఒక్కటే. మీ ప్రాజెక్టు వ్యాసం ఒక పెన్‌డ్రైవ్‌లోనే ఉన్నదా? మీ ఇంటి పెద్దల ఛాయాచిత్రాలు ఒక ఫోనులోనే ఉన్నవా? ఈ వారమే మరొక ప్రతి తీసి, బంధువుల ఇంట ఉంచండి. తీసిన దానిని వారి కంప్యూటరులో ఒకసారి తెరచి చూడండి. తెరచుకొన్న నాడే దానిని బ్యాకప్ అని పిలవండి.