దెయ్యానికో చీర

సినిమా లేకుండా సినిమాకి ట్రైలర్ తీస్తారని మీరెప్పుడైనా విన్నారా? నేనైతే వినలేదు. మొన్న దసరా సెలవలకి మా అమ్మాయి నెల్లూరు నుంచి నలుగురు స్నేహితుల్ని వెంటబెట్టుకుని ఆత్మకూరులో బస్సు దిగింది. "అమ్మా, మేం దెయ్యం సినిమాకి ట్రైలర్ తియ్యాలి. సినిమా ఉండదు. రెండు నిమిషాల ట్రైలరు, ఒక పోస్టరు, ఒక సినిమా పత్రిక అట్ట. అంతే. కాలేజీలో మార్కులేస్తారు" అంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత నా నోటిదాకా వచ్చింది. పరాయి పిల్లల ముందు బాగుండదని మింగేసి ఉప్మాకి ఎసరు పెట్టాను.

మావారు పేపరు కిందికి దించి, "మంచిదేగా, అసలు సినిమా చూసే బాధ తప్పింది" అన్నారు.

ఇక ఆ నాలుగు రోజులూ ఇంట్లో దెయ్యాల మాట తప్ప మరో మాట లేదు. ఉప్మా తింటూ నాకు పాఠం చెప్పారు. ట్రైలర్ అన్న మాటకి అసలర్థం వెనకాల వచ్చేదని. తొలిరోజుల్లో దాన్ని సినిమా అయ్యాకే వేసేవారట. జనం లేచి ఇళ్ళకి పోతుంటే చూసేదెవరని తరవాత ముందుకి తెచ్చారట. అమెరికాలో విలియం కాజిల్ అనే ఆయన 1958లో ఒక భయానక చిత్రం తీసి, అది చూస్తూ భయంతో ఎవరైనా ప్రాణం వదిలితే వెయ్యి డాలర్లు ఇచ్చేట్టు ప్రేక్షకులకి బీమా చేయించాడట. "ప్రీమియం ఎవరు కట్టారు?" అని మావారు ఆదుర్దాగా అడిగారు. హిచ్‌కాక్ మహాశయుడు 1960లో 'సైకో'కి ఆట మొదలయ్యాక వచ్చినవాళ్ళని హాల్లోకి రానివ్వద్దని నియమం పెట్టాడట. పిల్లల్ని నిద్రపుచ్చి, గిన్నెలు తోమి సెకండ్ షోకి వెళ్ళే మనలాంటి ఇల్లాళ్ళు ఆయనకి తగల్లేదు కాబోలు!

నాకు మా చిన్నప్పటి పబ్లిసిటీ గుర్తొచ్చింది. ఒంటెద్దు బండికి రెండువైపులా తడికలు కట్టి, పోస్టర్లు అంటించి, మైకులో "నేడే చూడండి" అంటూ వీధివీధీ తిప్పేవారు. గులాబిరంగు కరపత్రం కోసం ఆ బండి వెనక మోకాళ్ళు చెక్కుకుపోయేలా పరుగెత్తేవాళ్ళం. సినిమాకి మాత్రం తీసుకెళ్ళేవారు కాదు. ఆలోచిస్తే మాదీ సినిమా లేని ట్రైలరే.

వాళ్ళలో ఒక కుర్రాడు మహా చురుకు. 1999లో 'బ్లెయిర్ విచ్' అనే సినిమావాళ్ళు తమ నటులు నిజంగానే అడవిలో తప్పిపోయారని కాగితాలు అంటించి జనాన్ని నమ్మించారని, మనం కూడా మా అమ్మాయి ఫోటోతో "కనబడుటలేదు" అని ఆత్మకూరు బస్టాండులో అంటిద్దామని అన్నాడు. ఆ సినిమాలో నటించిన అమ్మాయి తల్లికి నిజంగానే సానుభూతి కార్డులు వచ్చాయట, అది కూడా వాడే చెప్పాడు. "నాకు అలాంటి కార్డులు అక్కర్లేదు నాయనా" అని ఆ ముచ్చట అక్కడితో కట్టించాను. ఇంకో ముచ్చట నా కంటికి ఆనలేదు. అదే ఈ కథ.

పాడుబడ్డ చోటు ఎక్కడుంది ఆంటీ అని అడిగితే నా నోటికి మొదట మా పుట్టిల్లే వచ్చింది. ఉదయగిరి. కొండా కోటా ఉన్నాయి, ఇంకేం కావాలి? కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడి వేసి 1514లో గజపతుల దగ్గర గెలుచుకున్న కోట అది. గెలిచినవాడు ఊరుకోక అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని కూడా విజయనగరానికి తీసుకుపోయి గుడి కట్టించుకున్నాడు. చిన్నప్పుడు ఈ కథ మాకు చెప్పింది మా మేనత్త. కృష్ణుణ్ణి ఎత్తుకుపోయిన మాట దగ్గర ఆమె గొంతు ప్రతిసారీ కొంచెం మారేది.

అత్తకి పందొమ్మిదో ఏట, 1963లో, మామయ్య పోయాడు. పుట్టింటికి వచ్చేసింది. అప్పటినుంచీ తెల్లచీరే. నేను ఆమె చేతిలోనే పెరిగాను. ఇప్పుడా ఇంట్లో ఆమె ఒక్కతే. తోడు రమ్మంటే రాదు. పక్కింటి ఐదేళ్ళ పిల్ల రోజూ సాయంత్రం అరుగుమీదికి వచ్చి బొరుగుల ఉండ తిని, కథ చెప్పించుకుని పోతుంది. "దాన్ని ఇడిసిపెట్టి యాడికి వచ్చేదమ్మే?" అంటుంది.

మా అమ్మాయి ఆమెని జేజీ అంటుంది. నెల్లూరు సీమలో నాయనమ్మ వరస వాళ్ళందరూ జేజిలే. పై జిల్లానుంచి వచ్చిన కుర్రాడు మాత్రం 2009లో వచ్చిన 'అరుంధతి' సినిమా తలుచుకుని, "జేజమ్మా!" అంటూ రెండడుగులు వెనక్కి వేశాడు. అత్తకి అర్థం కాలేదు గానీ నవ్వింది.

కోటమీద రాత్రిపూట ఉండడం కుదరదు కనక పట్టపగలే తీసి, వెలుతురు తగ్గించి, నీలిరంగు పులిమి రాత్రి చేశారు. ఎముకలు విరిగే చప్పుడుకి అమెరికాలో ఏదో ఆకుకూర కాడలు విరుస్తారట. మావాళ్ళు ములక్కాయలు విరిచారు, సాయంత్రం అవే పులుసులోకి వచ్చాయి. అడుగుల చప్పుడుకి ఉదయగిరి చెక్క గరిటెలు రెండు ఒకదానికొకటి తాటించారు. ఆ గరిటెలకి మా ఊరు పేరుమోసింది, దెయ్యాలకి కూడా పనికొస్తాయని ఎవరనుకున్నారు! 'సైకో'లో రక్తానికి చాక్లెట్ పాకం వాడారట, నలుపు తెలుపు బొమ్మ కాబట్టి చెల్లింది. వీళ్ళది రంగుల బొమ్మ. కుంకం కలిపితే పలచగా ఉంది, బీట్‌రూట్ కలిపితే పచ్చడిలా ఉంది. అత్త వచ్చి చూసి, పసుపునీళ్ళలో ఇంత సున్నం వేసి వేలితో తిప్పింది. ఎర్రగా, చిక్కగా తిరిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆ ఇంట్లో ఎన్ని పెళ్ళిళ్ళకి, ఎన్ని సీమంతాలకి ఆ ఎర్రనీళ్ళు ఆమె కలిపిందో! కలిపి, పళ్ళెం ఇంకొకరి చేతికిచ్చి, తను వంటింట్లోకి వెళ్ళిపోయేది.

చీర సంగతి కూడా చెప్పాలి. దెయ్యానికి తెల్లచీరే ఎందుకే అంటే, చీకట్లో తెలుపైతేనే కెమెరాకి ఆనుతుందని మా అమ్మాయి శాస్త్రం చెప్పింది. నిజమే కాబోలు. 1964లో వచ్చిన హిందీ 'వో కౌన్ థీ'లో సాధన వానలో తెల్లచీరతో నిలబడినప్పటినుంచీ, ఆ కథే 1966లో 'ఆమె ఎవరు?' అని తెలుగులోకి వచ్చి జయలలిత నటించినప్పటినుంచీ, మన దెయ్యాలు మరో చీర కొన్న పాపాన పోలేదు. అత్త తన ట్రంకుపెట్టె తీసి ఒకటి ఇచ్చింది. "ఏందమ్మే, దెయ్యానికి గూడా నా చీరేనా? దానికి కొనిపెట్టేవాళ్ళు లేరా?" అంది. అందరం పొట్టలు పట్టుకుని నవ్వాం. నేను అందరికన్నా ఎక్కువ నవ్వాను.

పోస్టరు వారం తరవాత నా ఫోనుకి వచ్చింది. ఎంత బాగుందనుకున్నారు! మునిమాపు వేళ, పెరటి తలుపు దగ్గర, వీపు ఇటు తిప్పి నిలబడిన ఆకారం. తెల్లచీర. విరబోసుకున్న నెరిసిన జుట్టు నడుం దాకా. కింద ఎర్రటి అక్షరాలు: 'తిరిగి చూడకు'. మా అమ్మాయి మేకప్పు ఎంత బాగా వేసుకుందో అని మురిసిపోయి మా అక్కచెల్లెళ్ళ వాట్సప్ గుంపులో పెట్టాను. అందరూ చేతులెత్తి దణ్ణాలు, భయపడే మొహాలు పంపారు. ఆత్మకూరులోనే ఫ్లెక్సీ కొట్టించాం, డబ్బులు మావారే ఇచ్చారు. ఉదయగిరిలో పక్కింటావిడ అడిగితే ఆమెకీ పంపాను.

ఆ తరవాత ఒక ఆదివారం ఉదయగిరి వెళ్తే అత్త అరుగుమీద ఒంటరిగా కూర్చుని ఉంది. స్టీలు డబ్బా తీస్తే అంచుల దాకా బొరుగుల ఉండలు, మెత్తబడి ఉన్నాయి. "పక్కింటి పాప రావడంలేదా?" అన్నాను.

"ఎందుకో వారం దినాలుగా రాలేదమ్మే. పిలస్తే తలుపు చాటుకి పోతాది" అని, కాసేపాగి, "ఈ ఊర్నించి కిష్టుణ్ణే ఎత్తకపొయినారు. పిల్లకాయలెంత" అంది.

పక్కింటావిడ నన్ను గేటు దగ్గర ఆపి, మొహమాటపడుతూ చెప్పింది. "ఏమనుకోకండక్కా. ఫోన్లో ఆ బొమ్మ చూసిందండీ. 'జేజి దెయ్యమైపోయింది' అని రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేస్తుంది. జేజి కాదే, అక్కవాళ్ళు వేసిన వేషమే అంటే వినదు."

అక్కడే నిలబడి ఫోను తీసి బొమ్మ పెద్దది చేసి చూశాను. ఎడమ భుజం కొంచెం కిందికి వాలి ఉంది. నలభై ఏళ్ళు బావిలో నీళ్ళు చేదిన భుజం. తలంటుకుని పెరట్లో జుట్టు ఆరబెట్టుకుంటుంటే తీసినట్టున్నారు. మేకప్పు లేదు, వేషం లేదు. ఐదేళ్ళ పిల్ల ఇట్టే గుర్తుపట్టింది. ఆ చేతుల్లో పెరిగిన నేను దెయ్యం బాగుందని ఊరందరికీ పంచాను.

మా అమ్మాయికి ఫోను చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. సగం తిట్లు నాకే అని దానికీ తెలుసు. ఆ చురుకైన కుర్రాడే తీశాడట, అడక్కుండా. "అడిగితే జుట్టు ముడేసుకుంటారని" అన్నాడట! ఇద్దరూ ఆ శనివారమే వచ్చారు. మా అమ్మాయి జేజి పక్కన కూర్చుని, బొమ్మ చేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పి ఏడ్చింది. కుర్రాడు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు.

అత్త కళ్ళద్దాలు తెచ్చుకుంది. చాలాసేపు చూసింది. "నా ఎంటికలు ఇంకా ఇంత పొడుగుండాయా?" అంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ ఇంట్లో అత్త ఫోటో ఒక్కటే ఉంది, పెళ్ళి పీటలమీదిది. తరవాత మా అందరి పెళ్ళిళ్ళలో ఎన్ని గ్రూపు ఫోటోలు! ఫోటో అనగానే "పొయ్యిమీద పాలుండాయి" అని లోపలికి పోయేది. ఆ పాలు ఏనాడూ పొంగలేదు. మేం ఎవరమూ ఆమెని చెయ్యిపట్టి ఆపలేదు. అరవై ఏళ్ళలో ఆమెని తీసిన మొదటి ఫోటో ఇదీ.

"సరేగానీ," అంది అత్త అద్దాలు తుడుచుకుంటూ, "మీ సినిమాల్లో మొగుడు పొయినోళ్ళేనా దెయ్యాలయ్యేది? పెళ్ళాం పొయినోళ్ళు గారా?" కుర్రాడు నోరు తెరిచి మూసుకున్నాడు. "ఈపు తీసినోడివి మొకం గూడా తియ్యి. మొకం జూస్తే పిల్ల బయపడదు."

అలా ట్రైలర్ చివర మారింది. అంతా అలాగే ఉంటుంది: కోట, నీలి రాత్రి, గరిటెల అడుగులు, ఎర్రనీళ్ళు. భయం బొమ్మలో ఉండదట, బొమ్మకి ముందు వచ్చే అర సెకను నిశ్శబ్దంలో ఉంటుందట, అదీ ఉంది. ఆ నిశ్శబ్దం తరవాత తెల్లచీర మెల్లగా ఇటు తిరుగుతుంది. అత్త. ముందు పళ్ళు రెండే. "ఏమ్మే, అన్నం తిన్న్యా?" అంటుంది. పత్రిక అట్టమీద కూడా అత్తే, కళ్ళద్దాలతో సహా.

కాలేజీలో ఇది భయమా హాస్యమా తేల్చండని అడిగి మార్కులు కొంచెం తగ్గించారట. తగ్గిస్తే తగ్గించారు. పాత ఫ్లెక్సీ మావారు మేడమీద నీళ్ళ తొట్టికి కప్పారు, బొమ్మ లోపలివైపుకి పెట్టి.

ట్రైలర్ పక్కింటి పాపకి చూపించే పని నేనే పెట్టుకున్నాను. వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చుని వేళ్ళ సందుల్లోంచి చూసింది. అయిపోయాక ఏమీ అనలేదు. మర్నాడు సాయంత్రం అరుగు కిందే, నాలుగడుగుల దూరంలో, వచ్చి నిలబడింది.

"జేజీ, అటు తిరుగు" అంది.

అత్త అటు తిరిగింది. ముడి విప్పి జుట్టు వదిలింది.

"ఇప్పుడు ఇటు."

ఇటు తిరిగింది. ఆ పిల్ల కెవ్వుమని కేకవేసి, నవ్వి, ఒక మెట్టు ఎక్కి, "మళ్ళీ" అంది.