సూదికి భయపడ్డ టీచరమ్మ

రాజమండ్రిలో ఓ లెక్కల టీచరమ్మ. రిటైరై రెండేళ్లయింది. ఆవిడ వరండాలో నడిచొస్తుంటే పక్క క్లాసు పిల్లలు కూడా నోరు మూసుకునేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. పెరట్లో పాము కనిపిస్తే కర్ర పట్టుకుని ముందుకెళ్లేది ఆవిడే, వెనక నుంచుని కేకలేసేది భర్త. అలాంటి మనిషిని వణికించేది ఒక్కటే ఉంది... సూది!

బట్టలు కుట్టేది కాదు, ఇంజెక్షన్‌ సూది. ఆరో తరగతిలో కలరా టీకాలు వేసేవాళ్లు బడికొచ్చారు. వరసలో తన ముందున్న అమ్మాయి జబ్బ మీద రక్తపు చుక్క చూసిందంతే, కళ్లు బైర్లు కమ్మాయి. తెలివొచ్చేసరికి హెడ్మాస్టారి గదిలో బల్ల మీద ఉంది. ఆ తర్వాత ఎప్పుడు రక్తపరీక్ష చేయించుకున్నా అదే తంతు. రెండు కాన్పులప్పుడు ఆస్పత్రిలో జరిగిన భాగోతం బంధువుల ఇళ్లలో ఇప్పటికీ కథలు కథలుగా నడుస్తోంది.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఆవిడకు పద్నాలుగేళ్లుగా షుగరు. మాత్రలతో అదుపు తప్పింది. ఇక ఇన్సులిన్‌ మొదలుపెట్టాల్సిందేనని డాక్టరుగారు చీటీ రాసిచ్చారు. ఆవిడ ఆ చీటీని తీసుకెళ్లి పంచాంగంలో పెట్టేశారు. ఇంట్లో మాత్రం ‘ఇంకొన్నాళ్లు మాత్రలే వాడమన్నారు’ అని చెప్పారు. కాకరకాయ రసం, మెంతిపొడి, పొద్దున్నే గోదావరి గట్టు మీద నడక... అలా పదకొండు నెలలు గడిపేశారు. ఈలోగా చెప్పు కరిచిన చోట పడిన పుండు నెలన్నరైనా మానలేదు. కళ్ల డాక్టరేమో రెటీనా మీద రక్తపు చుక్కలున్నాయన్నాడు. ఉగాదికి విశాఖపట్నం నుంచి వచ్చిన కోడలు పాత పంచాంగం తీసి కొత్తది పెట్టబోతుంటే చీటీ జారిపడింది.

కోడలు గొడవేమీ చెయ్యలేదు. రాత్రి పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగింది. టీచరమ్మ మొదటిసారి నిజం చెప్పారు. ‘చచ్చిపోతానని భయం లేదే. ఆ సూది తలచుకుంటేనే కాళ్లలో సత్తువ పోతోంది.’

వాళ్ల బ్యాంకులో పనిచేసే ఒకావిడకు విమానం అంటే ఉన్న భయాన్ని ఓ సైకియాట్రిస్టు తగ్గించారట. మిగతా చికిత్సతో పాటు హిప్నాటిజం కూడా వాడతారట. ఆ మాట వినగానే మావగారు ఇంతెత్తున లేచారు. ‘హిప్నాటిజమా? స్టేజీ మీద ఉల్లిపాయ ఇచ్చి ఆపిల్‌ అని తినిపిస్తారే, అదేనా? అరవై దాటిన మనిషికి ఆ కనికట్టేమిటమ్మా!’

ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. హిప్నాటిజం మన ఇళ్లలోకి వచ్చింది స్టేజీ మీంచి, సినిమాల్లోంచే. గొలుసు గడియారం ఊపడం, కళ్లలోకి గుచ్చిగుచ్చి చూడటం, హీరోయిన్‌ నిద్రలో నడిచి వెళ్లిపోవడం. తెలుగువాళ్లకు ఈ విద్య అనగానే గుర్తొచ్చే పేరు బి.వి.పట్టాభిరామ్‌. 2025లో కన్నుమూసిన ఆయన కూడా మొదట మెజీషియన్‌గానే అందరికీ పరిచయం. కౌన్సెలింగూ వ్యక్తిత్వ వికాసం పుస్తకాలూ ఆ తర్వాతి సంగతి. అసలు స్టేజీ మీద జరిగేదేమిటంటే, ముందు చిన్నచిన్న పరీక్షలు పెట్టి, చెప్పింది ఇట్టే అందుకునే నలుగురిని పైకి పిలుస్తారు. వాళ్లకూ ఆ సరదాలో పాలుపంచుకోవాలనే ఉంటుంది. ఉల్లిపాయ ఆపిల్‌ కావడంలో మెజీషియన్‌ కళ్ల మహిమ కంటే వాళ్ల సాయమే ఎక్కువ.

ఈ మహిమ ఎవరిదన్న తగాదా ఈనాటిది కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాంజ్‌ మెస్మర్‌ అనే డాక్టరు తన శరీరంలోంచి ఓ అయస్కాంత ప్రవాహం రోగిలోకి వెళ్లి జబ్బు నయం చేస్తుందన్నాడు. పారిస్‌ జనం ఎగబడ్డారు. 1784లో ఫ్రాన్స్‌ రాజు పదహారో లూయీ విచారణ సంఘం వేశాడు. అందులో బెంజమిన్‌ ఫ్రాంక్లిన్‌, లవోజియర్‌ లాంటి ఉద్దండులున్నారు. ఫ్రాంక్లిన్‌ ఇంటితోటలో ఒక్క చెట్టుకు మాత్రం ఆ ‘శక్తి’ ఎక్కించి, పన్నెండేళ్ల కుర్రాడికి కళ్లకు గంతలు కట్టి వేరే చెట్ల దగ్గరకు తీసుకెళ్లారు. నాలుగో చెట్టు దగ్గర కుర్రాడు మూర్ఛపోయాడు. అది శక్తి ఎక్కించిన చెట్టు కానే కాదు! ప్రవాహమూ లేదు, పాడూ లేదు, అంతా ఊహే అని సంఘం తేల్చేసింది. ఊహకే అంత బలముంటే దాని సంగతేమిటని మాత్రం అప్పుడు పెద్దగా ఎవరూ అడగలేదు.

అడిగినవాడు మన గోవా మనిషి. కాండోలిమ్‌లో 1756లో పుట్టిన అబే ఫారియా. క్రైస్తవ మతాచార్యుడు. 1813లో పారిస్‌లో ప్రదర్శనలిస్తూ, ఇందులో తన గొప్పేమీ లేదనీ ఉన్నదంతా ఎదుటి మనిషి మనసులోనేననీ చెప్పాడు. పణజీ వెళ్లినవాళ్లు పాత సచివాలయం పక్కన, పడిపోతున్న స్త్రీ మీదకు చేతులు చాచి నిలబడ్డ ఆయన విగ్రహం చూసే ఉంటారు. విగ్రహం చూస్తే శక్తంతా ఆ చేతుల్లోనే ఉందనిపిస్తుంది. పాపం, ఆయన చెప్పింది సరిగ్గా దానికి ఎదురు.

ఇక సూదులూ కత్తుల సంగతికొస్తే బెంగాల్లోని హుగ్లీకి వెళ్లాలి. జేమ్స్‌ ఎస్డేల్‌ అనే స్కాట్లండ్‌ డాక్టరు అక్కడ ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండేవాడు. అప్పటికింకా మత్తుమందు లేదు. ఆపరేషన్‌ అంటే నలుగురు మనుషులు రోగిని ఒడిసిపట్టుకోవడం, డాక్టరు త్వరత్వరగా కొయ్యడం. 1845 ఏప్రిల్‌ 4న జైలు ఆస్పత్రిలో ఓ ఖైదీకి వరిబీజం ఆపరేషన్‌ చేశాడు. బాధతో ఆ మనిషి విలవిల్లాడిపోతుంటే చూడలేక, పుస్తకాల్లో చదవడమే తప్ప కంటితో ఎన్నడూ చూడని మెస్మరిజాన్ని ప్రయత్నించాడు. ముఖానికీ ఒంటికీ కాస్త ఎడంగా చేతులు పైనుంచి కిందికి ఆడిస్తూ కూర్చున్నాడు. కొంతసేపటికి ఖైదీ ఒంట్లో సూదులు గుచ్చినా ఉలకలేదు, పలకలేదు. ఎస్డేలే ఎక్కువ ఆశ్చర్యపోయి ఉంటాడు.

ఆ తర్వాత బోదవ్యాధి వల్ల పెరిగిన పెద్దపెద్ద కణితులు సైతం అలాగే తీశాడు. ఎనిమిది నెలల్లో నొప్పి తెలియకుండా 73 ఆపరేషన్లు చేశానని 1846లో పుస్తకం వేశాడు. గంటల తరబడి చేతులు ఆడించలేక ఆస్పత్రిలోని స్థానిక కుర్రాళ్లకు ఆ పని నేర్పాడు. ప్రభుత్వం వేసిన సంఘం కలకత్తాలో అతడి పని దగ్గరుండి చూసింది. కొందరు రోగులకు ఆ స్థితే రాలేదు. కొందరు కత్తి పడినప్పుడు ముఖం చిట్లించారు, మెలికలు తిరిగారు. లేచాక అడిగితే నొప్పేమీ లేదన్నారు. మొత్తానికి ప్రభుత్వం ఏడాదిపాటు కలకత్తాలో ఓ చిన్న ఆస్పత్రి ఇచ్చింది. ఆ రోగుల్లో ఖైదీలున్నారు, కటిక పేదలున్నారు. తెల్లదొర పడుకోమంటే కాదనే ధైర్యం ఎందరికుండేది? ‘నొప్పి లేదు దొరా’ అన్న జవాబులో భయం పాలెంత? ఆ అనుమానం ఉంచుకునే ఈ కథ చదవాలి. అలాగని అంతటి కణితులు తీసేస్తుంటే మనిషి కేవలం మర్యాద కోసం కదలకుండా పడుకున్నాడనుకోవడమూ కష్టమే.

ఎస్డేల్‌ మాత్రం చివరిదాకా తన ఒంట్లోంచి ఏదో శక్తి రోగిలోకి పోతోందనే నమ్మాడు. ఈలోగా 1846 అక్టోబరులో బోస్టన్‌లో ఈథర్‌ వచ్చింది. మరుసటేడాది ఎడిన్‌బరోలో క్లోరోఫాం వచ్చింది. నాలుగు చుక్కలు పీలిస్తే మనిషి పడిపోతుంటే గంటలకొద్దీ చేతులు ఆడించేదెవరు? 1851లో ఎస్డేల్‌ ఇండియా వదిలి వెళ్లిపోయాడు. తర్వాత ఆ క్లోరోఫాం ఎంత క్షేమమో తేల్చడానికి 1888, 89ల్లో నిజాం డబ్బుతో పరీక్షలు జరిగింది మన హైదరాబాద్‌లోనే. ‘హిప్నాటిజం’ పేరు మాత్రం మాంచెస్టర్‌ డాక్టరు జేమ్స్‌ బ్రెయిడ్‌ పుణ్యం. గ్రీకుల నిద్రదేవుడు హిప్నోస్‌ పేరు మీదుగా పెట్టి, 1843లో పుస్తకం రాశాడు. తర్వాత ఇది నిద్ర కాదని తెలుసుకుని పేరు మారుద్దామనుకున్నాడు కానీ అప్పటికే జనం నోళ్లలో పడిపోయింది.

మళ్లీ మాంచెస్టర్‌లోనే, 1984లో పీటర్‌ వోర్వెల్‌ అనే డాక్టరు, పరీక్షల్లో ఏమీ దొరక్కపోయినా కడుపునొప్పి, ఉబ్బరంతో ఏళ్ల తరబడి బాధపడే ఐబీఎస్‌ రోగులు ముప్ఫై మందిపై హిప్నాసిస్‌ను పరీక్షించి మంచి ఫలితం చూపించాడు. ఏడాది మందులు వాడినా తగ్గనివారికి దీన్ని కూడా ఆలోచించవచ్చని 2008లో బ్రిటన్‌ మార్గదర్శకాలు చెప్పాయి. బెల్జియంలోని లీజ్‌ నగరంలో 1992 నుంచి థైరాయిడ్‌ వంటి ఆపరేషన్లు చేసేటప్పుడు కొందరికి పూర్తి మత్తు ఇవ్వకుండా, కోసేచోట మొద్దుబార్చే మందుకు హిప్నాసిస్‌ను జతచేస్తున్నారు. గమనించండి, మందుకు జత. మందుకు బదులు కాదు.

ఈ చరిత్ర అంతా మావగారికెవరు చెబుతారు? ‘ఒక్కసారి వెళ్లొద్దాం మావయ్యగారూ, మీరూ పక్కనే ఉందురుగాని’ అంది కోడలు. అందరూ రైలెక్కారు.

సైకియాట్రిస్టు గదిలో గడియారమూ లేదు, ఎర్రదీపమూ లేదు. ఆవిడ మొదట అడిగిన ప్రశ్న: ‘సూది చూస్తే భయమేస్తుందా, స్పృహ తప్పుతుందా?’

ఈ ప్రశ్న చాలామంది అడగరు. కుక్కంటేనో ఎత్తంటేనో భయపడేవాళ్లకు గుండె దడదడలాడి బీపీ పెరుగుతుంది, అందుకే సాధారణంగా స్పృహ తప్పరు. రక్తం, సూది అంటే భయమున్న చాలామందిలో మాత్రం బీపీ ముందు పెరిగి, ఆపైన దభాలున పడిపోతుంది. అలాంటివాళ్లను ‘హాయిగా ఒళ్లు వదులు చెయ్యండి’ అంటే ఇంకా తొందరగా పడిపోవచ్చు. స్వీడన్‌ మనస్తత్వ శాస్త్రవేత్త లార్స్‌ గోరన్‌ ఓస్ట్‌ వీళ్ల కోసం ఉల్టా పద్ధతి చెప్పాడు. చేతులు, కాళ్లు, పొట్ట కండరాలు పది పదిహేను సెకన్లు గట్టిగా బిగబట్టి, ముఖం వేడెక్కాక వదలడం, కాస్సేపాగి మళ్లీ బిగించడం. డాక్టరమ్మ మొదట నేర్పింది హిప్నాటిజం కాదు, ఈ బిగింపే.

తర్వాతే రెండోది. గోడ మీది చుక్కను చూస్తూ, వంద నుంచి ఏడేడు తగ్గిస్తూ లెక్కపెట్టమన్నారు. లెక్కల టీచరు కదా! చకచకా రెండు దాకా వచ్చేసి, ‘అయిపోయిందండీ, ఇక తగ్గదు’ అని కళ్లు తెరిచారు. డాక్టరమ్మ నవ్వేసి దారి మార్చారు. కార్తీకమాసం, తెల్లవారుజాము, పుష్కరఘాట్‌. ఒక్కో మెట్టూ దిగండి. పాదాలకు నీళ్లు తగులుతున్నాయి. ఎడమచెయ్యి నీళ్లలో ముంచండి. చల్లదనం మణికట్టు దాకా పాకుతోంది, చెయ్యి మొద్దుబారుతోంది... ఇరవై నిమిషాల తర్వాత టీచరమ్మ నిరాశగా అన్నారు. ‘నేను నిద్రే పోలేదండీ. బయట ఆటో హారన్‌ కూడా వినబడింది.’

వినబడుతుంది మరి. చూపు, ధ్యాస ఒకేచోట కుదురుకోవడమే తప్ప తెలివి తప్పడం కాదిది. ఇష్టం లేని పని చేయించలేరు. అందరికీ ఒకేలా పట్టదు కూడా. కొందరు ఇట్టే లీనమైపోతారు, కొందరికి ఎంతకీ కుదరదు, ఎక్కువమంది మధ్యలో. టీచరమ్మది ఆ మధ్య బాపతే. మావగారు ఉండబట్టలేక, ‘గతజన్మలో ఏమైనా జరిగిందేమో చూస్తారా?’ అని అడిగారు. డాక్టరమ్మ ముఖం సీరియస్‌ అయింది. హిప్నాసిస్‌లో తవ్వితీసే జ్ఞాపకాలను నమ్మడానికి లేదని 1985లోనే అమెరికా వైద్యసంఘం హెచ్చరించింది. లేని సంఘటన కూడా ఉన్నట్టే తోస్తుంది, పైగా గట్టి నమ్మకంతో. భ్రమలూ భ్రాంతులతో బాధపడేవాళ్ల జోలికి దీంతో అసలు వెళ్లకూడదు. బోర్డు కట్టినవాడి దగ్గరికల్లా పరిగెత్తకుండా, ఆ జబ్బుకు వైద్యం చేసే అర్హత అతడికుందా లేదా అని ముందు చూసుకోవాలి.

భయం వదిలించే అసలు పని మూడోది. సూదితో మెల్లగా అలవాటు పడటం. మొదటివారం ఖాళీ సిరంజి బల్ల మీద. రెండోవారం చేతిలో. ఆపైన నిమ్మకాయకు గుచ్చడం. నాలుగోవారం ల్యాబ్‌కి వెళ్లి, గుమ్మంలో కూర్చున్న పిల్లాడి ఏడుపు విని వెనక్కొచ్చేశారు. ఆ రాత్రి అన్నం తినలేదు. ‘నావల్ల కాదే’ అని కోడలికి ఫోన్‌ చేసి ఏడ్చారు. పదిరోజులు అన్నీ మానేశారు. పుండు మళ్లీ ఎర్రబడటంతో తనే టికెట్‌ తీయించుకుని వెళ్లారు. హిప్నాసిస్‌ చేసిందల్లా, ఈ మెట్లు దిగేటప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకోవడం. ఏడోసారి వెళ్లినప్పుడు, డాక్టరమ్మ ముందే, కాళ్లు బిగబట్టి, చెయ్యి గోదావరిలో ముంచి, నాలుగు మిల్లీమీటర్ల సూదున్న ఇన్సులిన్‌ పెన్నును పొట్ట మీద తనే నొక్కుకున్నారు.

ఇప్పుడు రోజూ రాత్రి భోజనం ముందు అదే పని. సూది వంక చూడరు, గోడ మీది క్యాలెండర్‌ వంక చూస్తారు. రక్తపరీక్ష రోజున పడుకోబెట్టే రక్తం తీయమంటారు. పుండు మానింది. కంటికి వైద్యం నడుస్తోంది.

రాత్రిళ్లు సాధన కోసం డాక్టరమ్మ గొంతు ఫోన్లో రికార్డు చేసిచ్చారు. అది పెట్టగానే మెట్లు దిగకముందే మావగారు గురకపెట్టి నిద్రపోతున్నారు. మొన్న కోడలొస్తే చాటుగా అడిగారట, గురకకు హిప్నాటిజంలో ఏమైనా ఉందా అని. ‘లేదు మావయ్యగారూ, దానికి నిద్రలో చేసే వేరే పరీక్ష ఉంది’ అంది.

‘అందులో సూదేమీ ఉండదు కదమ్మా?’ అన్నారట ఆయన.