నాన్నగారి నక్షత్రం

మా ఇంట క్రిస్మసు నక్షత్రం ఏటా నాన్నగారే కట్టేవారు. పోయిన ఏడు పక్షవాతం వచ్చింది. దేవుని దయవలన ప్రాణం దక్కింది గాని కుడిచెయ్యి పడిపోయింది, మాట తడబడింది. ఈసారికి బజారులో ప్లాస్టిక్ నక్షత్రం కొనేద్దామనుకున్నాము. ఆయన ఎడమచేత్తో అటక చూపించారు. అక్కడ వెదురు బద్దలు, ముందే చీరి పెట్టినవి!

ఇక తప్పలేదు. సమానమైన పది బద్దలు కావాలి. అయిదేసి బద్దలతో రెండు నక్షత్రాలు కట్టి, ఒకదానిపై ఒకటి పెట్టి, అయిదు కొనలూ కలిపి బిగించాలి. మధ్యలో బద్దలు ఒకదాన్నొకటి దాటే అయిదు చోట్లా బెత్తెడు పుల్లలు నిలబెడితే పొట్ట ఉబ్బుతుంది. చెప్పినంత సులువేమీ కాదు. మొదటి పుల్లకే బద్ద ఫట్‌మని విరిగింది. నాన్నగారు నవ్వారు. జబ్బు చేశాక మేము చూసిన మొదటి నవ్వు అదే.

అమ్మ మైదా జిగురు ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపింది. అది విషం, పిల్లలకు అందనివ్వకూడదు. ఎర్రకాగితం అంటించాము. ఒక కొనమీద ముడత పడింది.

రాత్రి లోపల బల్బు వెలిగించి, వసారాలో వేలాడదీసి, నాన్నగారి కుర్చీ అటు తిప్పాము. ఆయన చాలాసేపు చూశారు. తరువాత ఎడమచెయ్యి ఎత్తి, ఆ ముడత చూపించారు.