బ్రేకులు ఎవరు చేసిర్రు?

"హైడ్రాలిక్ బ్రేక్ ఏ సూత్రం మీద పనిచేస్తుంది?" అని అడిగితే మా మెకానికల్ బ్రాంచ్‌లో లాస్ట్ బెంచీలో నిద్రపోయేవాడు కూడా "పాస్కల్ సూత్రం" అని చెప్పి మళ్లీ పడుకుంటాడు. నేనూ అంతే. అది రెండు మార్కుల ప్రశ్న, నాకు రెండు మార్కులూ వచ్చాయి. ఆ ధైర్యంతోనే సెకండియర్ ఎండాకాలం సెలవుల్లో మా అంబాసిడర్ బ్రేకులు విప్పాను. ఈ కథలో హీరో నేను కాదని ముందే చెప్పేస్తున్నా.

మాది కోదాడ. నాన్న ఇరవై ఏళ్లు కిరాయికి కారు నడిపాడు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు ఊళ్ల మధ్య ఎన్ని పెళ్లిళ్లకు, ఎన్ని పురుళ్లకు, ఎన్ని చావులకు ఆ బండి పోయిందో లెక్కలేదు. 1986 మోడల్, మార్క్ 4, డీజిల్. నాన్న చేతికి వచ్చేసరికే ఇద్దరు ఓనర్లు మారారు. ఇంగ్లండ్ వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1950ల చివర్లో మొదలై, బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014 మే దాకా తయారైన బండి అంబాసిడర్. మనం హైస్కూల్‌కు రాకముందే దాని తయారీ ఆగిపోయింది. మా ఇంట్లో మాత్రం ఆగలేదు. కిరాయిలు తగ్గాక అందరూ అమ్మెయ్యమన్నారు. నాన్న అమ్మలేదు, ఇంటి బండిగా ఉంచుకున్నాడు.

ఈ బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని బ్రేక్ ఆయిల్ పైపుల గుండా ఒక్కో చక్రం దగ్గరున్న చిన్న వీల్ సిలిండర్‌కు పోతుంది. అందులోని పిస్టన్లు బ్రేక్ షూలను తోస్తే, అవి తిరిగే డ్రమ్ముకు లోపలివైపు రాసుకుంటాయి. పిస్టన్ పక్కన ఆయిల్ బయటికి రాకుండా ఆపేది ఒక చిన్న రబ్బరు కప్పు. రూపాయి బిళ్లంత ఉంటుంది. ఈ కథంతా ఆ కప్పుదే.

"పెడల్ బాగ లోపలికి పోతుంది, బండి ఎడమకు గుంజుతుంది" అని నాన్న అంటుంటే, "మెకానిక్ ఎందుకు, నేన్లేనా" అన్నాను. ఇంటిముందు వేపచెట్టు కింద జాకీ ఎత్తి, కింద కట్టె మొద్దులు పెట్టి, డ్రమ్ములు ఊడదీశాను. లైనర్లు రివిట్లు తేలేదాకా అరిగిపోయాయి. కొత్త షూలు తెచ్చి వేశాను. వీల్ సిలిండర్లు విప్పి, శుభ్రం చేసి, కిట్‌లో వచ్చిన కొత్త కప్పులు ఎక్కించాను. వెనక ఎడమ చక్రం దగ్గర మాత్రం రెండు కప్పులు చేతిలోంచి జారి మట్టిలో పడ్డాయి. అప్పటికే చీకటి పడుతోంది. మన దగ్గర ఏ పార్టు మురికైనా ఏం చేస్తాం? పెట్రోల్‌లో కడుగుతాం. ఒక డబ్బా మూతలో పెట్రోల్ పోసి, ఆ రెండిటినీ రాత్రంతా అందులో వదిలేశాను. పొద్దున తుడిచి బిగించాను.

బండి ఎక్కడ తొక్కితే అక్కడ ఆగింది. స్టేటస్ పెట్టాను. నాన్న చాయ్ హోటల్ దగ్గర కనబడ్డ ప్రతి ఒక్కరికీ "బ్రేకులు మావోడే చేసిండు" అని చెప్పుకున్నాడు.

మూడు వారాలైంది. మే నెలాఖరు. మిర్యాలగూడలో ఉండే మా మేనత్త ఇంటినుంచి నాన్న, నాయనమ్మ కోదాడ వస్తున్నారు. నేరేడుచర్ల దాటాక రోడ్డు పక్కన యాసంగి వడ్లు ఆరబోసి ఉన్నాయి. ముందు పోతున్న బస్సు ఆగింది. నాన్న బ్రేక్ తొక్కాడు. పెడల్ మెత్తగా కిందికి పోయి నేలకు తాకింది. మళ్లీ తొక్కాడు. మళ్లీ అంతే.

అప్పుడు నాన్న గేరు దించాడు, హ్యాండ్ బ్రేక్ గుంజాడు, స్టీరింగ్ ఎడమకు తిప్పి బండిని వడ్ల కుప్పలోకి ఎక్కించాడు. హ్యాండ్ బ్రేక్‌కు ఆయిల్‌తో పనిలేదు, అది వెనక షూలను నేరుగా లాగుతుంది. అందుకే అది పనిచేసింది. మిగతాది వడ్లు ఆపాయి. నాయనమ్మ నుదురు ముందు సీటుకు తగిలింది. మూడు కుట్లు పడ్డాయి.

వడ్ల ఆసామి భార్య ఉరికొచ్చి మొదట నాయనమ్మను దించి నీళ్లు తాగించిందట, ఆ తర్వాతే తన వడ్లవైపు చూసిందట. నాన్న పొద్దుగూకేదాకా రోడ్డుమీద వడ్లు ఊడ్చి కుప్ప చేశాడు. డబ్బులివ్వబోతే ఆమె తీసుకోలేదు. "తూర్పార పట్టుకుంటం తియ్, ముసల్దాన్ని దవాఖానకు తీస్కపో" అందట.

నాకు తర్వాత లెక్క చేయబుద్ధయింది. మనుషులతో కలిపి 1250 కిలోల బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దాని గతిజ శక్తి దాదాపు 1,74,000 జౌల్స్. అదే 80తో పోతే మూడు లక్షలు దాటుతుంది. మామూలు రోజుల్లో అదంతా డ్రమ్ముల్లో వేడిగా మారాలి. ఆ రోజు చాలా భాగం ఎవరిదో పంట తీసుకుంది.

ట్రాక్టర్‌తో బండిని ఇంటికి లాక్కొచ్చారు. అడిగిన ప్రతివాళ్లకూ నాన్న చెప్పిన మాట ఒకటే: "పాత బండి గదా, పైపు పగిలింది."

మర్నాడు ఎవరూ లేనప్పుడు నేను విప్పి చూశాను. పైపులన్నీ బాగానే ఉన్నాయి. వెనక ఎడమ టైరు లోపలివైపు మాత్రం తడిగా ఉంది. డ్రమ్ తీసి సిలిండర్ విప్పితే, నేను మట్టిలోంచి ఏరి కడిగిన కప్పు నీళ్లలో నానిన అప్పడంలా ఉబ్బి, అంచు చిరిగి ఉంది.

మనం బ్రేక్ ఆయిల్ అనేది అసలు ఆయిలే కాదు. గ్లైకాల్ జాతి ద్రవం. ఆ రబ్బరును దానికి తగ్గట్టు తయారు చేస్తారు. పెట్రోల్, డీజిల్, ఇంజిన్ ఆయిల్ తగిలితే అది వాటిని పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. కడగాలంటే కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి. కిట్ ప్యాకెట్ మీద ఇది రాసే ఉంది, చిన్నచిన్న అక్షరాల్లో. నేను చదవలేదు. ఇంకో సంగతి కూడా ఆ రోజే అర్థమైంది. మా బండికి మాస్టర్ సిలిండర్ నుంచి నాలుగు చక్రాలకూ ఒకటే లైను. ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పోతుందని పాస్కల్ చెప్పాడు. ఒకచోట కారితే ఆ ఒత్తిడి ఎక్కడా నిలవదు. రూపాయి బిళ్లంత రబ్బరు పోతే నాలుగు చక్రాలూ పోయినట్టే.

ఆ కప్పును జేబులో వేసుకుని నాలుగు రోజులు తిరిగాను. నాన్న "పైపు పగిలింది" అన్నప్పుడల్లా నేను ఫోన్ చూసుకునేవాణ్ణి.

ఐదో రోజు డ్రమ్ములు లేత్ మీద పట్టించడానికి, పాత మాస్టర్ సిలిండర్ చూపించడానికి ఇద్దరం సూర్యాపేట బస్సెక్కాం. సామాన్లన్నీ గోనెసంచిలో మా కాళ్ల దగ్గర. హైవే మీద బస్సు వేగమందుకున్నాక కప్పు తీసి నాన్న చేతిలో పెట్టాను. "పైపు పగల్లేదు నాన్నా. దీన్ని నేను పెట్రోల్‌ల నానబెట్టిన" అన్నాను.

నాన్న దాన్ని రెండు వేళ్లతో నొక్కి చూశాడు. చాలాసేపటికి అన్నాడు: "నువ్వు మూతల పోస్తుంటే నేను చూసిన గదరా. నాకూ తెల్వది. డ్రైవర్‌నేగాని నేను మెకానిక్‌ను గాదు." మళ్లీ కొంచెం ఆగి, "పైపని ఎందుకన్ననంటే, నీ చేతికి మల్ల పానా పట్టే ధైర్యం పోతదేమో అని" అన్నాడు.

సూర్యాపేటలో నాన్నకు ఎప్పట్నించో తెలిసిన మెకానిక్ చాచా ఉన్నాడు. నేను ల్యాప్‌టాప్‌లో గీసిన డిస్క్ బ్రేక్ డ్రాయింగ్ ఆయనకు చూపించాను. ముందు చక్రాలకు డిస్కులు వేస్తే వేడి త్వరగా చల్లారుతుంది, తడిసినా తొందరగా పట్టుకుంటాయి అని లెక్చర్ ఇచ్చాను. చాచా ఓపిగ్గా విని, "బేటా, బూస్టర్ ఏడికెల్లి తెస్తవ్?" అన్నాడు.

అప్పుడు నాకు క్లాసులో తట్టని సంగతి చెప్పాడు. డ్రమ్ములో షూ ఒకసారి తగిలితే, తిరుగుతున్న డ్రమ్మే దాన్ని ఇంకా లోపలికి గుంజుకుంటుంది, కాలికి సగం పని తగ్గిస్తుంది. డిస్కుకు ఆ గుణం లేదు. ఎంత తొక్కితే అంతే పడుతుంది. అందుకే డిస్కుల కార్లకు బూస్టర్ ఉంటుంది. పెట్రోల్ ఇంజిన్ గాలి పీల్చేచోట పుట్టే వాక్యూమ్‌తో అది నడుస్తుంది. మాది పాత డీజిల్. గాలిని అడ్డుకునే థ్రాటిల్ ఉండదు కాబట్టి ఆ వాక్యూమ్ పుట్టదు. దానికో పంపు పెట్టాలి, హబ్బులు మార్చాలి, మాస్టర్ సిలిండర్ కొలత మార్చాలి. "అన్నీ చెయ్యొచ్చు. కానీ ఉన్న బ్రేక్ సక్కగ చెయ్యడం ముందు నేర్సుకో" అన్నాడు.

మేం చేసిన అప్‌గ్రేడ్ అందుకే ఫోటోకు పనికొచ్చేది కాదు. ముందు చక్రాలకు ఒక లైను, వెనక చక్రాలకు ఇంకో లైను ఇచ్చే రెండు గదుల మాస్టర్ సిలిండర్ పెట్టించాం. ఒకటి కారినా ఇంకోటి పట్టుకుంటుంది. ఆ పని నేను చెయ్యలేదు. ఆదివారం చాచా కోదాడ వచ్చి వేపచెట్టు కిందే బిగించాడు. నేను పానాలు అందించాను. పైపులు, రబ్బరు హోసులు, వీల్ సిలిండర్లు అన్నీ కొత్తవి. ఈసారి ప్రతి ప్యాకెట్ మీద అక్షరాలూ చదివాను.

తర్వాత సస్పెన్షన్. "బ్రేక్ చక్రాన్ని ఆపుతది, బండిని ఆపేది టైరు" అని చాచా అన్నాడు. షాకబ్జర్ పోతే గతుకుల మీద చక్రం ఎగురుతుంది. ఎగిరిన చక్రానికి ఎంత మంచి బ్రేకున్నా దండగే. అంబాసిడర్ ముందు చక్రాలకు చుట్టల స్ప్రింగులుండవు. బండి అడుగున పొడుగ్గా టార్షన్ బార్లనే రెండు ఇనుప కడ్డీలుంటాయి, చక్రం పైకి లేచినప్పుడు అవి మెలిపడి మళ్లీ విప్పుకుంటాయి. వాటి జోలికి పోకుండా అరిగిన బుష్‌లు, నాలుగు షాకబ్జర్లు మార్చాం.

వెనకవి కమాన్ కట్టలు. వాటిని ఊడదీసి ట్రాలీ ఆటోలో మిర్యాలగూడ తీసుకుపోయాం. రైస్‌మిల్లుల ఊరు కదా, వడ్ల లారీల కమాన్లు బాగుచేసే చేతులు అక్కడున్నాయి. నేను మేస్త్రికి స్ప్రింగ్ గట్టిదనం ఫార్ములా చెప్పాలనుకున్నా. ఆయన కట్టను ఒకసారి చూసి ఒక్కటే అడిగాడు: "బండిల ఎంతమంది కూసుంటరు?"

కిరాయి రోజుల్లో ఎనిమిది మందిని ఎక్కించడానికి నాన్న ఒక్కో కట్టకు ఒక పట్టీ అదనంగా వేయించాడట. ఇప్పుడు కూర్చునేది నలుగురమే. ఆ పట్టీ ఉన్నందుకే ఖాళీ బండి వెనక్కి గుర్రంలా ఎగిరేది. మేస్త్రి దాన్ని తీసేసి, మిగతావాటికి వంపు సరిచేసి, మధ్యలో గ్రీజు పూసి, కొత్త సెంటర్ బోల్టు వేశాడు. తీసిన రెండు పట్టీలను నాన్న అక్కడ వదలలేదు. గోనెసంచిలో పెట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు. ఎనిమిది మందిని మోసిన ఇనుము అది. నా స్కూల్ ఫీజులు కూడా దానిమీదే వచ్చాయి.

చివరి పని ఎయిర్ తీయడం. పైపుల్లో గాలి బుడగ మిగిలితే పెడల్ దాన్ని నొక్కుతుందే తప్ప షూను తొయ్యదు. మేం ఇంట్లో చేసే పద్ధతికి ఇద్దరు కావాలి. నాన్న పెడల్ దగ్గర, నేను చక్రం దగ్గర. నిప్పల్‌కు ప్లాస్టిక్ పైపు తొడిగి, దాని కొస సీసాలోని బ్రేక్ ఆయిల్‌లో ముంచాను.

"నొక్కు." నిప్పల్ వదులు చేస్తే బుడగలు వచ్చాయి. "పట్టుకో నాన్నా, ఇడువకు." బిగించాను. "ఇప్పుడిడువు."

నేను బిగించకముందే ఆయన కాలు తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది. ఆయన నొక్కకముందే నేను విప్పితే ఏమీ రాదు. ఒకరికొకరం కనబడం, మాటే ఆధారం. నాలుగు చక్రాలకు రెండు గంటలు పట్టింది. ఈ మధ్యకాలంలో మేమిద్దరం అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడుకోలేదు, అవన్నీ "నొక్కు, ఇడువు" అయినా సరే.

ఖాళీ మైదానంలో 10తో మొదలుపెట్టి 20, 30, 40 దాకా వేగం పెంచుతూ ఆపి చూశాం. వారం రోజులు, రోజూ పొద్దున టైర్ల లోపలివైపు చెయ్యి పెట్టి తడుందేమో చూశాను. లేదు.

ఎనిమిదో రోజు మేనత్త ఇంటికి ప్రయాణం. నాయనమ్మ డోరు దగ్గర నిలబడి ఎక్కలేదు. నుదుటిమీద గీత ఇంకా కనబడుతోంది.

"బ్రేకులు ఎవరు చేసిర్రు?" అంది.

నాన్న నోరు తెరిచి, నావైపు చూసి ఊరుకున్నాడు.

"నేనే నాయనమ్మా. చాచా కూడ చేసిండు" అన్నాను. తర్వాత మిగిలింది కూడా చెప్పాను. "పోయినసారీ నేనే చేసిన. పైపు పగల్లేదు. నా తప్పే."

ఆమె కాసేపు నన్ను చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. వెనక సీట్లోకి ఎక్కి, కొంచెం పక్కకు జరిగి, ఖాళీ సీటుమీద చెయ్యి కొట్టింది.

"అయితే నువ్వు గూడ ఎక్కు" అంది.

ఎక్కాను. నేరేడుచర్ల దగ్గర నాన్న బ్రేక్ తొక్కాడు. నేను మాత్రం వెనక సీట్లో నా కుడికాలు నేలకేసి గట్టిగా అదిమి పట్టుకున్నాను.